వాచీకి వినపడని లబ్-డబ్

చేతికి స్మార్ట్‌వాచ్, అందులో హార్ట్‌రేట్ 72. ఇంకేం, గుండె భేష్ అనుకుంటున్నారా? ఆగండి! వాచీ వెనక వెలిగే ఆకుపచ్చ లైటు చూసేది మణికట్టులో రక్తం కదలికని. ఈసీజీ పట్టేది గుండెలోని కరెంటుని. గుండె చప్పుడు మాత్రం రెండూ వినవు.

ఆ చప్పుడు కవాటాలు మూసుకునేటప్పుడు వచ్చేది. కవాటం సరిగ్గా మూసుకోకపోయినా, ఇరుకైనా 'లబ్-డబ్'తో పాటు 'ష్‌ష్' మని వినిపిస్తుంది. అదే మర్మర్. చిన్నప్పుడు గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరం కవాటాల్ని పాడుచేయగలదు. ఆ సంగతి ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు కూడా.

1816లో ఫ్రెంచ్ డాక్టర్ లెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి గుండె విన్నాడు. ఇప్పుడు ఛాతీకి అంటించుకునే ప్యాచ్‌లోనే బుల్లి మైకు పెడుతున్నారు. డాక్టర్ కాసేపు వింటే, ఇది గంటలకొద్దీ వింటుంది.

చిక్కల్లా రొదతోనే. మాట, ఊపిరి, చొక్కా రాపిడి అన్నీ గుండె చప్పుడుతో కలిసిపోతాయి. ఒట్టి ఫిల్టర్‌తో విడదీయలేం. అందుకే అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీవాళ్లు 2023లో చూపించిన ప్యాచ్‌లో రెండు మైకులున్నాయి. ఒకటి ఒంటివైపు, ఇంకోటి బయటివైపు. బయటి రొదని తీసేస్తే మిగిలేది ఒంట్లోని చప్పుడు.

అయినా ప్యాచ్ చెప్పేది అనుమానమే, తేల్చేది ఎకో పరీక్ష. మర్మర్ ఉన్నవాళ్లందరికీ జబ్బున్నట్టూ కాదు. కానీ మెట్లెక్కితే మునుపు లేని ఆయాసం వస్తుంటే, యాప్ 'నార్మల్' అన్నా సరే, డాక్టర్ చెవిన వేయండి.