చుక్కల లెక్క

2025 దసరా సెలవులకు ఇంటికి వచ్చిన మా అబ్బాయి, కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే, "నాన్నగారూ, మన టి.వి. మార్చెయ్యాలి" అన్నాడు.

మా టి.వి.కి వచ్చిన రోగమేమీ లేదు. 43 అంగుళాలది, ఫుల్ హెచ్.డి. రకం. కొని ఏడేళ్లయినది. వాడు చూసి వచ్చినది 65 అంగుళాల అల్ట్రా హెచ్.డి.; 4-కె అని కూడా అంటారట. ధర డెబ్భై వేల చిల్లర. "సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటినవాటిమీద జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18కి తగ్గించారు. ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడు?" అని వాడి వాదం.

పడకకుర్చీలోంచి మా అమ్మ అందుకున్నది. "మార్చరా నాయనా. ఏడాదిగా అందులో బొమ్మ మసకగానే వుంటోంది. వార్తలకింద పరుగెత్తే అక్షరాలు ఒక్కటీ తెలిసి చావదు."

రెండు వోట్లు పడ్డాయి. మా ఆవిడ వంటింట్లోంచి ఏమీ అనలేదు. అనలేదంటే మూడోదీ పడినట్లే.

తెలుగు మేష్టరుకు టెలివిజన్ల గొడవ ఎందుకని చదువరులు నవ్వవచ్చును. డెబ్భై వేలు జేబులోంచి తీయవలసినవాడు ఏ మేష్టరైనా లెక్క చూసుకోక తప్పదు కదా! ఒక రోజు గడువు అడిగి, మా ఆవిడ కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీశాను.

ముందు సంగతేమిటో చూద్దాం. టి.వి.లో బొమ్మ అంటే చుక్కలే. ముగ్గుకు పెట్టుకున్నట్లు వరసగా పేర్చిన చుక్కలు. పాతరకం డిజిటల్ ప్రసారంలో అవి అడ్డంగా 720, నిలువుగా 576. అంటే మొత్తం నాలుగు లక్షల పైచిలుకు. ఫుల్ హెచ్.డి.లో 1,920, 1,080. మొత్తం ఇరవై లక్షల పైమాట. అల్ట్రా హెచ్.డి.లో 3,840, 2,160. ఇంచుమించు 83 లక్షలు. దాని అన్నగారు 8-కె వున్నది. అందులో మూడు కోట్ల ముప్ఫై లక్షలు! ఈ రెండు కొలతలకూ అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 2012లో ప్రమాణాలు నిర్ణయించింది.

చుక్కలు ఎక్కువైతే బొమ్మ నాజూకుగా వుంటుంది, నిజమే. కాని వాటిని చూడవలసినది మన కన్ను. కళ్లడాక్టరు గోడకు తగిలించే అక్షరాల అట్ట వున్నదే, దానిని 1862లో తయారుచేసినవాడు స్నెల్లెన్ అనే డచ్చి వైద్యుడు. ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణమే ఆ అట్టకు ఆధారం. అంతకన్న దగ్గరగా వున్న రెండు గీతలను మామూలుగా 6/6 చూపు వున్నవారి కన్ను విడదీయలేదు, ఒక్కటిగానే చూస్తుంది.

ఈ లెక్కన ఫుల్ హెచ్.డి. చుక్కలు 43 అంగుళాల తెరమీద అయిదున్నర అడుగుల దూరంనుంచే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. 65 అంగుళాల తెరమీదనైతే సుమారు ఎనిమిదిన్నర అడుగులనుంచి. గుర్తుపెట్టుకోవటానికి సులువైన సూత్రం ఒకటి: తెర అంగుళాలను ఒకటిన్నరతో హెచ్చవేయండి. అంతకన్న దగ్గర కూర్చుంటేనే 4-కె అదనపు చుక్కలు మీ కంటికి అందుతాయి. దూరమైతే వాటికి మీరు డబ్బివ్వటమే గాని, అవి మీకు కనిపించేది లేదు. 65 అంగుళాలలో 8-కె గొప్ప తెలియాలంటే నాలుగడుగుల దగ్గరికి జరగాలి. సకుటుంబంగా అంత దగ్గర కూర్చోవాలంటే ఒకరి ఒళ్లో ఒకరు కూర్చోవాలి.

మా హాలులో గోడనుంచి సోఫాకు పది అడుగులు.

"మరి షాపులో చూస్తే తేడా కొట్టవచ్చినట్లు కనబడిందే!" అన్నాడు మా వాడు. కనబడుతుంది. అక్కడ మూడడుగుల దూరంలో నిలబడ్డాడు. వాళ్లు వేసి చూపించినది 4-కె కోసమే తీసిన పూలూ, పక్షులూ. ఇంకొక సంగతి కూడా వున్నది, అది మా వాడి పక్షానే చెప్పాలి. కొత్త టి.వి.లలో హెచ్.డి.ఆర్. అనే ఏర్పాటు వుంటుంది. పాతవాటిలో ఒక్కొక్క మూలరంగుకు 256 ఛాయలైతే, ఇందులో 1,024. వెలుగు మరింత వెలుగుగా, నీడ మరింత నీడగా వుంటుంది. ఈ తేడాకు దూరంతో పని లేదు, పది అడుగులనుంచి కూడా తెలుస్తుంది. అయితే తెరకు తగినంత కాంతి వుండాలి. లేకపోతే హెచ్.డి.ఆర్. అన్న అక్షరాలు అట్టపెట్టెకే అలంకారం.

ఇక లోపలికి వచ్చే సరుకు మాట. మా యింటికి వచ్చే తెలుగు చానళ్లు హెచ్.డి. దాటవు, కొన్ని అదీ కాదు. నాలుగు లక్షల చుక్కలతో వచ్చిన బొమ్మను 83 లక్షల చుక్కల తెరమీద పరిస్తే మిగతావి ఎక్కడనుంచి వస్తాయి? యంత్రమే ఊహించి నింపుతుంది. తాళపత్రంలో పురుగు తిన్నచోట లేఖకుడు తనకు తోచిన పాదం రాసి పెట్టేవాడే, అట్లా. లేఖకుడు సమర్థుడైతే అతుకు తెలియదు. కాని కవి రాసినది మాత్రం అది కాదు. అసలైన 4-కె కావాలంటే ఇంటర్నెట్‌ద్వారా తెప్పించుకోవాలి. గంటకు ఏడు జి.బి. దాకా ఖర్చవుతుంది. 8-కె సంగతి చెప్పనక్కరలేదు. జపానులో ఎన్.హెచ్.కె. వారు దానికోసం 2018 డిసెంబరు 1న ప్రత్యేకంగా ఒక చానలు ప్రారంభించారు. మనం జపానులో లేము.

ఇంతవరకు లెక్క నా పక్షానే వచ్చింది. మా అమ్మ కుర్చీ కూడా కొలుద్దామని టేపు పట్టుకుని వంగాను. గోడనుంచి నాలుగడుగులు!

ఆ కుర్చీ ఒకప్పుడు సోఫా పక్కనే వుండేది. ఏడాదిగా జానెడు జానెడు ముందుకు వచ్చింది. గచ్చుమీద కోళ్లు గీసిన చారలు కూడా వున్నాయి. "అడ్డం వస్తున్నావమ్మా, అంత దగ్గరైతే కళ్లు పాడవుతాయి" అని విసుక్కున్నది నేనే.

"అమ్మా, టి.వి. పక్కన కాలెండరులో ఇవాళ ఎన్నో తారీఖు?" అన్నాను.

"కాలెండరు అక్కడ పెట్టారా? ఎప్పుడు?" అన్నది.

అది అక్కడ తగిలించి పదినెలలైనది.

మర్నాడు కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లాను. రెండు కళ్లలోనూ శుక్లాలు. కంటిలోని కటకం మసకబారితే ఏ తెర అయినా మసకే, అందులో ఎన్ని కోట్ల చుక్కలు వున్నా. ఇంట్లో ముగ్గురం చదువుకున్నవాళ్లం. ఆవిడ ఏడాదినుంచీ చెబుతూనే వున్నది, మేమందరం టి.వి.నే అనుమానించాము. నవంబరులో ఒక కంటికీ, డిసెంబరులో రెండోదానికీ ఆపరేషను చేసి కొత్త కటకాలు అమర్చారు. కొన్ని వారాలు మా అబ్బాయి ఫోన్లో అడిగినది టి.వి. సంగతి కాదు, నాయనమ్మకు చుక్కల మందు వేళకు వేస్తున్నామా లేదా అని.

ఇంతకూ మార్చాలా, వద్దా? వున్నది పాడైపోయి ఎలాగూ కొనేవారికి, 55 అంగుళాలు దాటినవాటిలో 4-కె తీసుకోవటమే సబబు. కాని డబ్బు చుక్కలకు కాక వెలుతురుకూ, రంగులకూ పెట్టాలి. దగ్గరగా కూర్చుని సినిమాలు చూసే కుర్రకారుకు 4-కె తప్పకుండా పనికివస్తుంది. పనిచేస్తున్న ఫుల్ హెచ్.డి.ని, పది అడుగుల దూరంనుంచి వార్తలూ ధారావాహికలూ చూడటానికి మార్చటం మాత్రం దండగ. 8-కె జోలికి ఇప్పుడు పోనక్కరలేదు. టేపు తీయకుండా ఏదీ కొనవద్దు. ఇంట్లో ఎవరైనా బొమ్మ మసకగా వున్నదంటే ముందు కళ్లు చూపించండి.

సంక్రాంతికి మా అమ్మ కుర్చీ మళ్లీ సోఫా పక్కకు చేరింది. ఆ రోజు పాత టి.వి.లో 'మాయాబజార్' వచ్చింది. ఆవిడ కాసేపు కళ్లార్పకుండా చూసింది. బొమ్మ ఎలా వున్నదంటుందోనని మేమంతా ఆవిడ మొహంకేసి చూస్తున్నాము.

"ఆ గాజుమీద అంత దుమ్మేమిటే! ఈ కొంపలో తుడిచేవాళ్లే లేరా?" అన్నది మా ఆవిడతో.