నది లేని దేశం - సౌదీ అరేబియా

కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుండి ఎంతోమంది బతుకుదెరువు కోసం సౌదీ అరేబియాకు వెళ్తున్నారు. మన హాస్టల్ పిల్లల్లో కొందరి నాన్నలు, అన్నలు కూడా అక్కడున్నారు. "ఎక్కడున్నారు?" అంటే "సౌదీలో" అంటాం. కానీ ఆ దేశ వైశాల్యం సుమారు 21.5 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే భారతదేశంలో దాదాపు మూడింట రెండు వంతులు.

ఇంత పెద్ద దేశంలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. వాన పడితే పారే వాగులను 'వాదీ'లంటారు. తాగునీటికి ముఖ్య ఆధారం శుద్ధి చేసిన సముద్రపు నీరు, భూగర్భ జలం.

అయితే దేశమంతా ఇసుకే అనుకోరాదు. పడమర ఎర్ర సముద్రం వెంబడి హిజాజ్, అసీర్ పర్వతాలున్నాయి. సుమారు 3,000 మీటర్ల ఎత్తుండే అసీర్‌లో వానలు పడతాయి, కొండవాలున మెట్లు చెక్కి పంటలు పండిస్తారు. మధ్యలో నజ్ద్ పీఠభూమి, దానిపై రాజధాని రియాద్. తూర్పున పర్షియన్ గల్ఫ్ తీరం, చమురు బావులు. ఉత్తరాన నఫూద్ ఎడారి, దక్షిణాన రుబ్ అల్ ఖాలీ. 'ఖాళీ ప్రదేశం' అని పేరున్న ఈ ఎడారి పొరుగు దేశాల్లోని భాగంతో కలిపి సుమారు 6.5 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిసినా అందులో సగం కావు.

జోర్డాన్, ఇరాక్, కువైట్, ఖతర్, యు.ఏ.ఈ., ఒమన్, యెమెన్ భూ సరిహద్దు దేశాలు. బహ్రెయిన్‌కు సముద్రంపై 1986లో ప్రారంభమైన 25 కిలోమీటర్ల దారి ఉంది.

ఎడారిలో గీత గీయడం తేలిక కాదు. పశువుల మందలు వానను, బావిని వెతుక్కుంటూ పోతాయి. అందుకే 1922లో కువైట్, ఇరాక్ సరిహద్దుల్లో కొంత నేలను ఎవరిదీ కాకుండా, ఇరువైపుల కాపరులకూ వదిలారు. కువైట్ వైపున్న నేలను పంచుకునేందుకు 1965లో ఒప్పందం జరిగింది. నేల విడిపోయినా అక్కడి చమురు మాత్రం చెరిసగమే. యెమెన్‌తో ఒప్పందం 2000లో గానీ పూర్తి కాలేదు.

ఈ భూగోళం పరీక్షలకే కాదు, ఇంటికీ అవసరం. కష్టమొస్తే రియాద్, దమ్మామ్ వైపు వారు రియాద్‌లోని మన రాయబార కార్యాలయానికి, జెద్దా, అబహా, తబూక్ వైపు వారు జెద్దా కాన్సులేట్‌కు చెప్పుకోవాలి. ఊరి పేరు తెలియకపోతే మనం ఎవరికి రాస్తాం? కాబట్టి ఈసారి ఫోన్ వచ్చినప్పుడు ఊరి పేరు అడిగి, పటంలో గుర్తు పెట్టుకుందాం.