ఆ సామెత ఇక మన ఇళ్లలో వద్దు
(రేడియో ప్రసంగ పాఠము)

ఆదోనిలోను, ఎమ్మిగనూరులోను, చుట్టుపక్కల పల్లెలలోను ఉన్న మన కుటుంబములను మనసులో ఉంచుకొని ఈ దినము కొన్ని మాటలు పంచుకోవాలని ఆశపడుతున్నాను.

ఒక ఆదివారము సండే స్కూలు పిల్లలు వరుసగా వచ్చి కంఠత వాక్యము చెబుతున్నారు. సరిగా చెప్పిన ప్రతి బిడ్డకు నేను ఒక చాక్లెట్ ఇస్తున్నాను. ఏడేళ్ల పాప ఒకతె వచ్చి, నోటికి చేయి అడ్డము పెట్టుకొని నిలబడింది. "వాక్యము రాలేదా తల్లీ?" అని అడిగితే, వచ్చునన్నట్లు తల ఊపింది. కాని నోరు తెరవలేదు. చేయి తీసి చూస్తే చెంప వాచి ఉన్నది. నాలుగు రాత్రులుగా బిడ్డకు నిద్ర లేదని వాళ్లమ్మ చెప్పింది. "పాలపన్నే గదా అయ్యగారూ, ఎట్లాగూ ఊడిపోయేదే అని ఊరకున్నాను" అన్నది. ఆమెను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే చాక్లెట్ల పొట్లము నా చేతిలోనే ఉన్నది.

ఆ రాత్రి యెహెజ్కేలు గ్రంథము 18వ అధ్యాయము తెరిచాను. ఇశ్రాయేలు దేశములో ఒక సామెత వాడుకలో ఉండేది. పెద్దలు పుల్లని ద్రాక్షకాయలు తింటే ఆ పులుపు పిల్లల పళ్లకు తగిలిందని దాని భావము. యిర్మీయా 31వ అధ్యాయములో కూడ ఆ సామెత కనబడుతుంది. తండ్రుల తప్పుకు మేము బాధపడుతున్నాము, మేమేమి చేయగలము అని జనులు దానిని చెప్పుకొనేవారు. ఇక ఆ సామెత పలకవద్దని దేవుడు వారికి ఆజ్ఞాపించాడు. ఎవరి నడతకు వారే లెక్క చెప్పాలి, ఎవరైనా మళ్లుకొని బ్రదుకవచ్చు అని ఆ అధ్యాయమంతా చెబుతుంది.

దేవుడు అక్కడ మాట్లాడింది పాపమును గూర్చి, తీర్పును గూర్చి. ఆ సంగతి మరువకూడదు. అయినా మన ఇళ్లలో బిడ్డల పళ్ల విషయములో ఆ సామెత అక్షరాలా నిజమవుతున్నది గదా! మనము కొనిపెట్టినదే, మనము అలవాటు చేసినదే, మనము ఊరకున్నదే వారి నోటిలో కనబడుతున్నది. మళ్లుకొనే దారి ఉన్నది గనుక ఆ దారిని వివరిస్తాను.

మొదట ఆ తల్లి అన్న మాటను చూద్దాము. పాలపళ్లు మొత్తము 20. దాదాపు ఆరవ నెలలో మొదలై మూడేళ్లలోపు అన్నీ వస్తాయి. ముందు పళ్లు ఆరేడేళ్లకే ఊడడము మొదలవుతుంది. కాని వెనుకనున్న పాల దవడపళ్లు పది పన్నెండేళ్ల వరకు ఉండాలి. జొన్నరొట్టె నమలడానికి, మాట స్పష్టముగా పలకడానికి అవే ఆధారము. క్రింద తయారవుతున్న శాశ్వతమైన పన్నుకు అవి స్థలము కాపాడతాయి. ముందే పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, కొత్త పన్ను వంకరగా వస్తుంది.

ఇంకొక సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఆరేళ్ల వయసులో పాలపళ్లకు వెనుక, ఏ పన్నూ ఊడకుండానే, ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. అదికూడ పాలపన్నే అనుకొని వదిలేస్తాము. అది జీవితకాలపు పన్ను. పోతే మరల రాదు.

పన్ను ఎట్లా పుచ్చుతుంది? పురుగు పట్టిందని మనవాళ్లు అంటారు. కంటికి కనబడే పురుగు ఏదీ లేదు. నోటిలో ఉండే సూక్ష్మజీవులు పళ్లమీద జిగటగా పాచి కడతాయి. మనము తిన్న తీపిని అవి తిని, కొద్ది నిమిషములలోనే ఆమ్లము తయారుచేస్తాయి. ఆ ఆమ్లము పంటిపైనున్న ఎనామిల్ అనే గట్టి పొరను కరిగిస్తుంది. తరువాత లాలాజలము ఆ పులుపును కడిగి, పోయిన ఖనిజమును కొంత తిరిగి చేరుస్తుంది. అందుకు అరగంట, ఒక్కోసారి గంట పడుతుంది. ఈలోగా బిడ్డ ఇంకొక బిస్కెట్టు తింటే లెక్క మరల మొదటికి వస్తుంది. అందుచేత తీపి ఎంత తిన్నారన్న దానికంటె, రోజుకు ఎన్నిసార్లు తిన్నారన్నదే ఎక్కువ హాని చేస్తుంది. పండుగనాడు భోజనముతో తిన్న ఓళిగకంటె, పొద్దంతా బుగ్గన పెట్టుకొన్న పిప్పరమెంటు ప్రమాదము. తేనె దొరికితే తగినంతే తినమని సామెతల గ్రంథము 25వ అధ్యాయము చెప్పినది మన బిడ్డలకు కూడ వర్తిస్తుంది.

నిద్రలో లాలాజలము తగ్గిపోతుంది. చక్కెర కలిపిన పాలసీసా నోట పెట్టి బిడ్డను పండబెడితే, రాత్రంతా ఆ తీపి ముందు పళ్లమీద నిలిచి ఉంటుంది. రెండేళ్ల బిడ్డకు పై పళ్లు నల్లబడి విరిగిపోవడానికి తరచుగా కారణము ఇదే. పాలు త్రాగించి, మెత్తని తడిగుడ్డతో పళ్లు, చిగుళ్లు తుడిచి పండబెట్టండి.

సుగ్గికి పోయే సహోదరీలారా, మీ కష్టము నాకు తెలుసు. గుంటూరు వైపు మిరప చేలలో ఎండలో వంగి కోత కోస్తుంటే, గట్టుమీద ఏడ్చే బిడ్డ చేతిలో బిస్కెట్టు పొట్లము పెట్టక ఏమి చేస్తారు? మిమ్మల్ని నిందించడానికి నేను మాట్లాడడము లేదు. ఆ బిస్కెట్టుకు బదులు వేయించిన చెనిక్కాయలు ఇవ్వండి. చెనిక్కాయలు గొంతుకు అడ్డుపడతాయి గనుక నాలుగేళ్లలోపు బిడ్డకు మాత్రము మెత్తని రొట్టెముక్క, అరటిపండు ఇవ్వండి. ఏది తిన్నా తరువాత మంచినీళ్లు త్రాగించండి. మూటలో బట్టలతోపాటు బిడ్డ బ్రష్షు కూడ పెట్టుకోండి.

ఇక తోమే విధానము. ఉదయము ఒకసారి, రాత్రి పండుకొనే ముందు ఒకసారి, రెండేసి నిమిషములు తోమాలి. రాత్రి తోమిన తరువాత నీళ్లు తప్ప ఏమీ ఇవ్వవద్దు. మూడేళ్లలోపు బిడ్డకు బియ్యపు గింజంత, మూడు నుండి ఆరేళ్ల వరకు బఠాణి గింజంత పేస్టు చాలు. అది ఫ్లోరైడ్ ఉన్న పేస్టు కావాలి. మ్రింగనీయక ఉమ్మివేయించాలి. ఏడెనిమిదేళ్లు వచ్చేవరకు తల్లి గాని తండ్రి గాని దగ్గరుండి తోమించాలి. బొగ్గు, ఇటుకపొడి ఎనామిల్‌ను అరగదీస్తాయి. పొగాకు కలిసిన పళ్లపొడి బిడ్డల దగ్గరకే రానీయవద్దు. అది వ్యసనమును చిగుళ్ల ద్వారా నేర్పుతుంది.

తోమేటప్పుడు చిగుళ్ల నుండి రక్తము వస్తే చాలామంది తోమడము మానేస్తారు. అది పొరపాటు. అక్కడ పాచి నిలిచి చిగురు వాచిందని దాని అర్థము. మెత్తని బ్రష్షుతో నెమ్మదిగా ఆ చోటనే శుభ్రము చేయాలి. రెండు వారములకు కూడ తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

మరొక మాట. కొందరు బిడ్డల పళ్లమీద సుద్దవంటి తెల్లని మచ్చలు, గోధుమరంగు చారలు ఉంటాయి. ఎంత తోమినా పోవు. తోటి పిల్లలు ఎగతాళి చేస్తారు, బిడ్డ నవ్వడము మానేస్తుంది. ఇవి చాలాసార్లు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైనందువలన వస్తాయి. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరిలో ఇట్టి మచ్చలను 1901 నుండి పరిశీలించగా, కారణము నీటిలోని ఫ్లోరైడే అని 1931లో తేలింది. 1937లో మన దేశములో మొదటగా ఈ వ్యాధిని వివరించినది అప్పటి నెల్లూరు జిల్లాలో, అనగా నేటి ప్రకాశం ప్రాంతములో. మన రాయలసీమలోను కొన్ని బోరునీళ్లలో ఇది ఎక్కువగా ఉంటుంది. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు సహించవచ్చునని మన దేశపు ప్రమాణము. నీటిని కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, మరింత చిక్కబడుతుంది. మీ ఊరి బోరునీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖవారిచేత పరీక్ష చేయించండి. ఎక్కువ అని తేలితే ఎనిమిదేళ్లలోపు పిల్లలకైనా త్రాగడానికి, వంటకు వేరే నీరు వాడండి. తుంగభద్ర కాలువ నీటివంటి నదినీటిలో సాధారణముగా ఇది తక్కువ. ఆ మచ్చలున్న బిడ్డకు ఏ పేస్టు మంచిదో డాక్టరును అడగండి.

పుట్టు గ్రుడ్డివానిని చూచి, ఎవరి పాపము వలన ఇట్లయ్యెనని శిష్యులు అడిగారు. యోహాను సువార్త 9వ అధ్యాయము చదవండి. ప్రభువు ఆ లెక్కలోకి పోలేదు. వానికి చూపునిచ్చాడు. మచ్చపళ్ల బిడ్డను చూచి మురికిదని అనకండి. అది ఆ బిడ్డ తప్పు కాదు.

పన్ను నొప్పి పెడితే లవంగనూనె కొంతసేపు ఉపశమనమిస్తుంది గాని పుచ్చును బాగుచేయదు. పై పన్ను తీయిస్తే కంటిచూపు పోతుందన్న మాట నిజము కాదు. చెంప వాచి జ్వరము వచ్చిందంటే చీము లోపలికి వ్యాపిస్తున్నదని తెలుసుకోండి. ఒక్కరోజు కూడ ఆగవద్దు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే వైద్య బృందము పళ్లను కూడ చూస్తుంది. ఆ రోజు బిడ్డను మానిపించకండి. కర్నూలులో దంతవైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది. నొప్పి లేకపోయినా, మొదటి పుట్టినరోజు నాటికి ఒకసారి చూపించడము మేలు.

1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘమును స్థాపించిన ఎమ్మిగనూరు మనది. మగ్గము మీద పోగు తెగితే నేతగాడు వెంటనే ముడి వేస్తాడు. బట్టంతా నేసిన తరువాత చూద్దాములే అనడు. చిన్న పుచ్చు ఉన్నప్పుడే చూపించడము అట్టిదే.

ఆ పాపకు చీము తీసి వైద్యము చేశారు. తరువాతి నెలలో వచ్చి వాక్యము చెప్పింది. నేను ఆమెకు ఒక పెన్సిలు ఇచ్చాను. ఆనాటి నుండి మా సండే స్కూలులో చాక్లెట్ బహుమానము లేదు. సంఘపెద్దలారా, మీరును ఆలోచించండి. ఈ రాత్రి మీ బిడ్డను దీపము దగ్గర కూర్చోబెట్టి, నోరు తెరిపించి ఒకసారి చూడండి.

ప్రార్థన చేద్దాము. పరిశుద్ధుడవైన తండ్రీ, మా బిడ్డలు నీవిచ్చిన స్వాస్థ్యము. మా నిర్లక్ష్యమును క్షమించుము. మళ్లుకొనే మనసు, బిడ్డల కొరకు రోజుకు నాలుగు నిమిషముల ఓపిక మాకు దయచేయుము. నొప్పితో మేలుకొనియున్న ప్రతి బిడ్డను ముట్టుము. నిన్ను స్తుతించుటకు వారి నోళ్లు తెరువబడును గాక. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.