స్పీకర్లు అవే, శబ్దం వేరు

ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం పీఠభూమిలో, వేరుశనగ చేలకూ రాతి గుట్టలకూ నడుమ, పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద 536 ఎకరాల్లో వెలసిన కియా కర్మాగారం నుంచి 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ కారు బయటికి వచ్చింది. అప్పటి అనంతపురం జిల్లాలోనిదీ, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా కిందికి వచ్చినదీ అయిన ఈ కర్మాగారానికి, హంద్రీ-నీవా కాలువ నింపే గొల్లపల్లి జలాశయం నీటి ఆధారం కాగా, ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేయగల సామర్థ్యంతో దాన్ని నిర్మించారు. సెల్టోస్ పై శ్రేణి రకాల్లో బోస్ సంస్థ 8 స్పీకర్ల ఆడియో వ్యవస్థ ఉండగా, ఇక్కడి నుంచే 2025లో మార్కెట్లోకి వచ్చిన సైరోస్ పై శ్రేణి రకాల్లో హర్మాన్ కార్డన్ పేరిట 8 స్పీకర్ల వ్యవస్థ ఉంది. అయితే సైరోస్ విషయంలో ప్రత్యేకంగా గమనించవలసింది స్పీకర్ల సంఖ్య కాదు. కారులోని 16 ఎలక్ట్రానిక్ నియంత్రణ యూనిట్ల సాఫ్ట్‌వేరును, సర్వీసు సెంటరుకు వెళ్లే పని లేకుండా, మొబైల్ నెట్‌వర్కు ద్వారానే మార్చే వీలు ఉండటం. యజమాని ఇంటి ముందు నిలిపి ఉంచిన కారులో రాత్రికి రాత్రే కొత్త సాఫ్ట్‌వేరు చేరగలదు గనుక, నిన్న విన్న పాట ఇవాళ అదే తీరున వినిపిస్తుందా అన్న ప్రశ్న ఇప్పుడు సంగీత ప్రియులకు మాత్రమే పరిమితమైనది కాదు.

కారులో పాట సాగే దారి తెలిస్తే ఈ ప్రశ్నకు సమాధానం సులువవుతుంది. ఫోను నుంచో, పెన్‌డ్రైవ్ నుంచో, రేడియో నుంచో వచ్చిన పాట మొదట డాష్‌బోర్డు తెర వెనుక ఉండే హెడ్ యూనిట్‌లో అంకెల రూపంలో చేరుతుంది. అక్కడి నుంచి డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్ అనే చిప్, అంటే సెకనుకు కోట్ల కొద్దీ కూడికలూ గుణకారాలూ చేసి ధ్వని ఆకృతిని మార్చే గణన యంత్రం, ఆ అంకెలను సవరించి యాంప్లిఫయర్‌కు అందిస్తుంది. యాంప్లిఫయర్ వాటిని బలమైన విద్యుత్తుగా మార్చి స్పీకర్లకు పంపుతుంది. స్పీకరులోని అయస్కాంతాన్ని గానీ, రాగి తీగ చుట్టను గానీ, దాని ముందున్న కాగితపు లేదా ప్లాస్టిక్ పొరను గానీ ఏ అప్‌డేటూ మార్చలేదు. ఆ పొర ఎప్పుడు, ఎంత, ఏ వేగంతో కదలాలో నిర్ణయించే లెక్కలను మాత్రం అది మొత్తంగా తిరగరాయగలదు.

ఈ లెక్కల అవసరం కారు లోపలి స్వభావం వల్ల ఏర్పడింది. గాజు అద్దాలు పై స్థాయి ధ్వనులను తిప్పికొడతాయి, సీట్ల గుడ్డ వాటిని పీల్చుకుంటుంది, ఇరుకైన మూసిన గది కావడం వల్ల మంద్ర ధ్వనులు సహజ స్థాయికి మించి ఉబ్బుతాయి. బెంగాల్ నుంచి అమెరికాకు వలస వెళ్లిన స్వాతంత్ర్య యోధుడి కుమారుడూ, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆచార్యుడూ అయిన అమర్ బోస్ 1964లో స్థాపించిన సంస్థ, 1980ల ఆరంభంలో జనరల్ మోటార్స్‌తో కలిసి, ఒక్కో కారు నమూనా లోపలి కొలతలకు తగినట్టు ధ్వనిని సవరించే పద్ధతిని మార్కెట్లోకి తెచ్చింది. నేడు ఇంజనీర్లు సీట్ల మీద, మనిషి తల ఉండే చోట, మైక్రోఫోన్లు అమర్చి కొలతలు తీసి, ఏ స్థాయి ధ్వనిని ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో చెప్పే పట్టికను తయారుచేస్తారు. ఈక్వలైజేషన్ అనే ఈ సవరణ పట్టిక చివరికి అంకెల ఫైలే గనుక, దాని స్థానంలో మరో ఫైలును ఉంచడం అప్‌డేట్‌కు కష్టమైన పని కాదు.

ఆ పట్టికలోని చిన్న మార్పు కూడా చెవికి ఎలా తెలుస్తుందో అనంతపురం ప్రాంతపు జానపద కళ అయిన ఉరుముల వాద్యాన్ని ఉదాహరణగా తీసుకుని చూడవచ్చు. ఉరుము మంద్ర నాదం ప్రధానంగా 200 హెర్ట్జ్‌కు దిగువన, అంటే సెకనుకు 200 కంపనాల లోపు ఉండే ప్రాంతంలో, బలంగా ఉంటుంది. ఆ భాగాన్ని రెండు మూడు డెసిబెల్స్ తగ్గిస్తే వాద్యం లోతు పోయి ఖాళీ డబ్బా మోతగా మిగులుతుంది, అంతే మేరకు పెంచితే తలుపు రేకులు అదిరి దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న విరామం పూడిపోతుంది. గాయకుడి మాటల స్పష్టత 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య భాగంపై ఆధారపడుతుంది కాబట్టి, అక్కడ పెంపు చేసిన అప్‌డేట్ తర్వాత సాహిత్యం ప్రతి అక్షరమూ విడివిడిగా వినిపించి మొదట్లో మెప్పిస్తుంది, కానీ బెంగళూరు దాకా వింటూ వెళ్లేవారి చెవి అలసిపోతుంది. స అక్షరపు ఊదుడు శబ్దం ప్రధానంగా 5,000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. అప్‌డేట్ తర్వాత పాటలో ఈ అక్షరం చెవిలో గుచ్చుకుంటోందంటే మార్పు జరిగిన చోటు ఏదో అదే చెబుతోందన్నమాట.

రెండో ముఖ్యమైన లెక్క కాలానికి సంబంధించినది. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు గనుక కుడి తలుపు స్పీకరు అతడికి దగ్గరగానూ, ఎడమ తలుపు స్పీకరు దూరంగానూ ఉంటాయి. రెంటి దూరాల మధ్య తేడా 60 సెంటీమీటర్లు అనుకుంటే, 20 డిగ్రీల వేడిలో సెకనుకు 343 మీటర్ల వేగంతో వెళ్లే ధ్వని ఆ తేడాను దాటడానికి సుమారు 1.7 మిల్లీసెకన్లు, అంటే సెకనులో వెయ్యో వంతుకు రెట్టింపు కన్నా కాస్త తక్కువ కాలం పడుతుంది. ఇంత స్వల్ప వ్యవధిని మనిషి చెవి ఆలస్యంగా గుర్తించదు, దిశగా గుర్తిస్తుంది. ముందు చేరిన ధ్వని ఎటునుంచి వచ్చిందో పాట మొత్తం అటునుంచే వస్తున్నదని మెదడు నిర్ణయించుకుంటుంది. అందువల్ల దగ్గరి స్పీకరును ఆ మేరకు ఆలస్యంగా మోగించి, గాయకుడు స్టీరింగుకు ఎదురుగా నిలబడి పాడుతున్న భావన కలిగిస్తారు. దీన్నే టైమ్ అలైన్‌మెంట్ అంటారు. ఎడమవైపు డ్రైవరు కూర్చునే దేశాల కోసం రాసిన విలువలు పొరపాటున మన కార్లలోకి చేరితే, ఆలస్యం చేయవలసిన స్పీకరుకు బదులు అసలే దూరంగా ఉన్న స్పీకరు మరింత ఆలస్యమై, గొంతు కుడి తలుపులోనే ఇరుక్కుపోతుంది. ఒకే కారు అనేక దేశాలకు ఎగుమతి అవుతున్నప్పుడు ఏ దేశపు ఫైలు ఏ కారుకు చేరాలన్న వివేకం అప్‌డేట్‌లో అతి కీలకమైన భాగం.

కొత్త సాఫ్ట్‌వేరు పడగానే ధ్వని మెరుగైందని చాలామంది అనుకోవడానికి మరో కారణం ఉంది. 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన హార్వే ఫ్లెచర్, వైల్డెన్ మన్సన్ ప్రచురించిన పరిశోధన, తక్కువ శబ్ద స్థాయిలో మనిషి చెవికి మంద్ర ధ్వనులూ అత్యున్నత ధ్వనులూ సరిగా ఆనవనీ, స్థాయి పెరిగేకొద్దీ అవి నిండుగా వినిపిస్తాయనీ చూపింది. దీనివల్ల, ఏ గుణమూ మారకపోయినా, మొత్తం శబ్దం ఒక్క డెసిబెల్ పెరిగితే శ్రోత తరచుగా దాన్ని పెరిగిన శబ్దంగా పోల్చుకోడు. నాణ్యత పెరిగిందని నమ్ముతాడు. వాల్యూమ్ సంఖ్య 15 వద్దే ఉన్నా ఆ 15కు అర్థం ఏమిటో నిర్ణయించేది సాఫ్ట్‌వేరే కాబట్టి, పాత 15తో కొత్త 15ను పోల్చి ఇచ్చే తీర్పుకు విలువ తక్కువ.

ప్రయాణంలో ఉన్న కారుకు నిశ్శబ్దం దొరకదు. హైదరాబాదు నుంచి గుత్తి, అనంతపురం, పెనుకొండల మీదుగా బెంగళూరుకు సాగే 44వ నంబరు జాతీయ రహదారిపై వేగం పెరిగినప్పుడు టైర్ల రొద ప్రధానంగా మంద్ర స్థాయిలోనే పుట్టి, సరిగ్గా మృదంగం తొప్పి వైపు నాదాన్నీ బేస్ గిటారునూ మింగేస్తుంది. దీనికి విరుగుడుగా వేగాన్ని బట్టి వాల్యూమ్ పెంచే సదుపాయం చాలా కార్లలో ఉండగా, మరికొన్ని ఖరీదైన వ్యవస్థలు లోపలి మైక్రోఫోనుతో రొదను విని, అది కప్పేస్తున్న స్థాయిలను మాత్రమే ఎత్తి చూపుతాయి. ఎంత వేగం వద్ద ఎంత పెంచాలన్న మెట్లు సాఫ్ట్‌వేరులోనే ఉంటాయి. నున్నటి పరీక్షా మార్గాల మీద నిర్ణయించిన మెట్లు కదిరి, మడకశిర వైపు గరుకు రోడ్లకు సరిపోతాయని భావించడానికి వీల్లేదు. రాయలసీమ రోడ్ల మీద తీసిన కొలతలు ఇక్కడి కార్ల అప్‌డేట్లలో చేరాలని కోరడం కారు కొన్నవారి న్యాయమైన హక్కు.

వేసవి మరో పరీక్ష. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో ఎండలో నిలిపిన కారు లోపల అంతకన్నా ఎంతో ఎక్కువ వేడి చేరుతుంది. ఆ వేడి గాలిలో ధ్వని వేగం స్వల్పంగా పెరిగినా టైమ్ అలైన్‌మెంట్‌కు వచ్చే చిక్కు లేదు. ఇబ్బంది రాగి తీగతోనే. ప్రతి డిగ్రీకీ రాగి విద్యున్నిరోధం సుమారు 0.39 శాతం పెరుగుతుంది గనుక, గట్టిగా మోగుతున్న స్పీకరు తీగ 100 డిగ్రీలు అదనంగా వేడెక్కితే నిరోధం దాదాపు 40 శాతం పెరిగి, ధ్వని రెండు మూడు డెసిబెల్స్ వరకు తగ్గిపోతుంది. తీగ కాలిపోకుండా, యాంప్లిఫయర్ మితిమీరి వేడెక్కకుండా శబ్దాన్ని అదుపు చేసే లిమిటర్ అనే సాఫ్ట్‌వేరు కాపలా వ్యవస్థను ఏ అప్‌డేట్ అయినా కట్టుదిట్టం చేస్తే, గట్టిగా పెట్టినప్పుడు డప్పు దెబ్బలో పదును తగ్గినట్టు శ్రోతకు అనిపిస్తుంది. ఆ మార్పు స్పీకరు ఆయుష్షును పెంచేదే కావచ్చు. యజమానికి ఎవరూ చెప్పకపోవడం వల్ల అది లోపంగా తోస్తుంది.

బ్లూటూత్ సంగతి వేరు. ఫోను నుంచి కారుకు పాట పూర్తి రూపంలో రాదు. కోడెక్ అనే సంపీడన పద్ధతిలో కుదించుకుని వస్తుంది. ఎస్‌బీసీ అనే ప్రాథమిక కోడెక్ అన్ని పరికరాలకూ తప్పనిసరి, ఏఏసీ వంటివి ఐచ్ఛికం. ఫోనూ కారూ కలిసిన ప్రతిసారీ రెంటికీ తెలిసిన కోడెక్ ఏదో వాటి సాఫ్ట్‌వేర్లే మాట్లాడుకుని తేల్చుకుంటాయి కాబట్టి, కారులో ఏ మార్పూ లేకుండా ఫోనుకు అప్‌డేట్ వచ్చినా పాట తీరు మారవచ్చు. ఈ సందర్భంలో కారును తప్పుపట్టే ముందు అదే పాటను పెన్‌డ్రైవ్ నుంచి వినడం మంచిది.

పల్లె ప్రయాణాల్లో ఇప్పటికీ ఆదరణ ఉన్న ఎఫ్ఎం రేడియో విషయంలో సాఫ్ట్‌వేరు పాత్ర ఎంతో ఎక్కువైనా దాన్ని గురించి చర్చ తక్కువ. ఆకాశవాణి అనంతపురం కేంద్రానికి దూరమవుతూ గ్రానైటు గుట్టల చాటుకు వెళ్లేకొద్దీ సంకేతం బలహీనపడుతుంది. అప్పుడు కుడి ఎడమలు వేరుగా వినిపించే స్టీరియో ప్రసారం, రెంటినీ కలిపి వినిపించే మోనో కన్నా సుమారు 20 డెసిబెల్స్ ఎక్కువ రొదను మోసుకొస్తుంది. అందుకే ట్యూనరు చిప్ సంకేత బలాన్ని నిరంతరం కొలుస్తూ, ఒక హద్దు దాటగానే స్టీరియోను క్రమంగా మోనోలోకి కలిపేస్తూ, పై స్థాయి ధ్వనులను తగ్గిస్తూ పోతుంది. ఆ హద్దు ఎక్కడ ఉండాలన్నది అప్‌డేట్‌తో మారే విలువ. హద్దును ముందుకు జరిపితే బుసబుస తగ్గుతుంది గానీ పాట మూత పెట్టినట్టు అణగిపోతుంది. వెనక్కి జరిపితే పాట విశాలంగా ఉన్నా గుట్ట గుట్టకూ గరగర వినిపిస్తుంది. దీనికి తోడు, ప్రసారంలో ఎత్తిన పై స్థాయి ధ్వనులను రేడియోలో తిరిగి దించే డీ-ఎంఫసిస్ అనే సవరణకు మన దేశంలో 50 మైక్రోసెకన్లు, అమెరికాలో 75 మైక్రోసెకన్లు ప్రమాణం గనుక, ప్రాంతపు అమరిక తప్పుగా పడితే వార్తలు చదివే గొంతు సైతం మొద్దుబారుతుంది.

వాహన సాఫ్ట్‌వేరు మార్పులపై ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 2020 జూన్‌లో ఆమోదం పొందిన 156వ నిబంధన, అప్‌డేట్‌ను వైర్‌లెస్ పద్ధతిలో అమలు చేసేముందు దాని ఉద్దేశమేమిటో, వాహనపు ఏ పనుల్లో ఏ మార్పు వస్తుందో వాడుకరికి తెలపాలని నిర్దేశించింది. అదే బాటలో మన దేశంలో ఏఐఎస్-190 ప్రమాణం రూపొందింది. బ్రేకులు, స్టీరింగు వంటి భద్రతాంశాలే వీటి ప్రధాన లక్ష్యమైనా, సమాచారం తెలపాలన్న ఆ నియమంలోని స్ఫూర్తి ధ్వనికీ వర్తించవలసిందే. సిస్టమ్ మెరుగుదల అనే రెండు ముక్కలతో సరిపెట్టే ప్రకటన, లక్షల రూపాయలు పోసి మేలైన ఆడియో ఉన్న రకాన్ని ఎంచుకున్న కుటుంబానికి ఏమీ చెప్పదు. ఈక్వలైజేషన్ మారిందా, లిమిటర్ మారిందా, బ్లూటూత్ భాగం మారిందా అన్నది నాలుగు తెలుగు వాక్యాల్లో తెరపై చూపడానికి సాంకేతికంగా ఏ అడ్డంకీ లేదు.

అంతవరకూ యజమాని తన జాగ్రత్తలో తాను ఉండక తప్పదు. సాధారణంగా వాడుకరి తనంతట తాను పాత సాఫ్ట్‌వేరుకు తిరిగి వెళ్లే మార్గం ఉండదు కాబట్టి, అప్‌డేట్‌కు అంగీకరించే ముందే బేస్, ట్రెబుల్, బ్యాలెన్స్, ఫేడర్, వేగాన్ని బట్టి మారే వాల్యూమ్ అమరికలున్న తెరలను ఫోనులో ఫోటో తీసి ఉంచుకోవాలి; అప్‌డేట్ తర్వాత ఇవి కర్మాగారపు విలువలకు మారిపోయి ఉండటం వల్లనే ధ్వని తేడాగా అనిపించే సందర్భాలు ఉన్నాయి. ఇంజను ఆపి, అద్దాలు మూసి, ఏసీ కట్టేసి, పెన్‌డ్రైవ్‌లోని ఒకే పాటను, ఫోనులోని శబ్ద కొలత యాప్ డ్రైవరు తల దగ్గర అప్‌డేట్‌కు ముందూ తర్వాతా ఒకే అంకె చూపేలా వాల్యూమ్ సరిచేసి వింటే, బిగ్గరతనం చేసే మాయ తొలగి అసలు తేడా బయటపడుతుంది. ఎఫ్ఎం మాత్రం నిలిపి ఉంచిన కారులో తేలేది కాదు. పది అడుగులు జరిగినా సంకేత బలం మారుతుంది కనుక, రోజూ తిరిగే దారిలో అదే గుట్ట మలుపు దగ్గర, అదే కేంద్రాన్ని, పలుమార్లు వింటేనే ట్యూనరు హద్దు జరిగిందో లేదో తెలుస్తుంది.