చాక్లెట్ కొవ్వుకు బస్తర్ సాల గింజ

జగదల్‌పూర్: నోట్లో వేసుకోగానే బుడగలు విచ్చి కరిగిపోయే పాల చాక్లెట్‌కు కావలసిన కొవ్వుకూ, వేసవి చివర బస్తర్ అడవుల్లో రాలే సాల గింజకూ చుట్టరికం ఉంది.

బుడగల చాక్లెట్‌ను బ్రిటన్‌లోని యార్క్ నగరానికి చెందిన రౌన్‌ట్రీ సంస్థ 1935లో 'ఏరో' పేరుతో విపణిలోకి తెచ్చింది. ఆ సంస్థను 1988లో నెస్లే కొనుగోలు చేసింది. తయారీలో, కరిగించిన చాక్లెట్‌కు అధిక పీడనంతో వాయువును కలుపుతారు. పీడనం తగ్గించగానే, సోడా సీసా మూత తీసినప్పటి మాదిరిగా, అది బుడగలై ఉబ్బుతుంది. కార్బన్ డయాక్సైడ్ వాడితే పెద్ద బుడగలు, నైట్రోజన్ వాడితే అతి సూక్ష్మమైనవి ఏర్పడతాయి. వెంటనే చల్లబరచి గట్టిపరచకపోతే అవి ఒకదానిలో ఒకటి కలిసి చాక్లెట్ చదునవుతుంది.

గట్టిపడే ఈ గుణం కోకో వెన్నది. సాధారణ ఉష్ణోగ్రతలో గట్టిగా ఉండి, శరీరపు వేడికి కరగటం దాని విశేషం. సాల గింజల కొవ్వుకు స్టియరిక్ ఆమ్లం అధికంగా ఉండటం వల్ల దాదాపు అదే స్వభావం ఉంది. యూరోపియన్ యూనియన్ 2000లో జారీ చేసిన ఆదేశం చాక్లెట్‌లో 5 శాతం వరకు అనుమతించిన ఆరు వృక్ష సంబంధ కొవ్వుల్లో సాల ఒకటి. మామిడి టెంక జీడి, కోకుమ్ కొవ్వులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

కాగా ఈ గింజల సేకరణకు గడువు స్వల్పం. మే, జూన్ మాసాల్లో రాలిన గింజలను గిరిజన మహిళలు ఏరి, రెక్కలను కాల్చి, పొట్టు తీసి సంతలకు తెస్తారు. తొలకరి పడితే గింజ కొద్ది రోజుల్లోనే మొలకెత్తుతుంది. తడిస్తే కొవ్వు చెడుతుంది. గింజలో కొవ్వు శాతం తక్కువ కావడంతో దాన్ని ద్రావకంతో తీయవలసి ఉంటుంది. అందువల్ల ఏరినవారికి దక్కేది స్వల్పమే.

చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకాన్ని కేంద్రం 2013-14లో ప్రవేశపెట్టినప్పుడే సాల గింజలను అందులో చేర్చింది. 2020 నాటి జాబితాలో వాటి ధర కిలోకు 20 రూపాయలు. అయితే వానకు ముందే కొనుగోలు కేంద్రం తెరుచుకుని, తూకం సరిగా ఉంటేనే ఆ ధర చేతికందుతుంది. ఆలస్యమైతే నష్టపోయేది చాక్లెట్ తయారీదారు కాదు, గింజ ఏరిన మహిళే.