మాత్రలతో పాటు మనిషికీ తోడు
(పార్కిన్సన్స్ జబ్బు ఉన్న ఇంట్లో భార్యాభర్తలకు మన చేయూత)



వైద్య సహాయం కోసం మాకు వచ్చే దరఖాస్తుల మీద ఒక్కటే పేరు ఉంటుంది. అది రోగి పేరు. పార్కిన్సన్స్ జబ్బు ఉన్న ఇంట్లో మాత్రం కాగితం మీదకు ఎక్కని రెండో పేరు కూడా ఉంటుంది. రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండే భార్యదో, భర్తదో ఆ పేరు. మీ సాయం ఆ రెండో మనిషికి కూడా ఎందుకు అందాలో చెప్పడానికే ఈ వ్యాసం.

జబ్బు సంగతి

కాలూ చెయ్యీ మనం అనుకున్నట్టు కదలాలంటే మెదడులో డోపమిన్ అనే పదార్థం కావాలి. దాన్ని తయారుచేసే కణాలు మెల్లమెల్లగా నశిస్తే ఈ జబ్బు వస్తుంది. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో దీన్ని గురించి వివరంగా రాశారు. మన ఆయుర్వేదంలో కంపవాతం అంటారు. ఇది అంటుకునే జబ్బు కాదు. గాలి సోకో, ఎవరో చేయిస్తేనో వచ్చేది అంతకన్నా కాదు. పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు కానీ, సరైన వైద్యంతో చాలా ఏళ్లు బాగానే గడపవచ్చు.

వణుకు అందరికీ కనబడుతుంది. ఒళ్లు బిగుసుకోవడం, నడక నెమ్మదించడం, రాత చిన్నదైపోవడం, గొంతు తగ్గిపోవడం, మలబద్ధకం, నిద్రలో కేకలు వేయడం, దిగులు మాత్రం ఇంట్లో వాళ్లకే తెలుస్తాయి. ముఖ కండరాలు బిగుసుకోవడం వల్ల నవ్వు కూడా బయటికి కనిపించదు. "నా మీద కోపంగా ఉన్నాడేమో" అని భార్య లోలోపల కుమిలిపోతుంది. అది కోపం కాదు, జబ్బు లక్షణం అని ఒకరు చెప్తే చాలు, ఆ ఇంట్లో సగం బాధ తగ్గుతుంది.

ఇంట్లో తెలుసుకోవాల్సినవి

ఈ జబ్బుకు ముఖ్యమైన మందు లెవోడోపా. దీన్ని కార్బిడోపాతో కలిపి మాత్రగా ఇస్తారు. గడియారం చూసి అదే వేళకు వేసుకోవాలి. గంట ఆలస్యమైతే కొందరు మంచం మీద నుంచి లేవలేరు. మాంసం, గుడ్లు, పప్పు ఎక్కువగా తిన్న వెంటనే వేసుకుంటే మందు సరిగా ఒంటబట్టదు కాబట్టి, సాధారణంగా భోజనానికి అరగంట ముందు వేసుకోమంటారు. డబ్బుల్లేక ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. వాంతులకు సాధారణంగా వాడే మెటోక్లోప్రమైడ్ మందు ఈ జబ్బును ఎక్కువ చేస్తుంది కాబట్టి, మందుల షాపులో జబ్బు పేరు తప్పకుండా చెప్పాలి. దూలగొండి గింజల్లోనూ లెవోడోపా ఉంటుంది. డాక్టరును అడగకుండా ఆ పొడిని మాత్రలతో కలిపి వాడకూడదు.

గడప దగ్గర కాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతే చెయ్యి పట్టి లాగకూడదు, పడిపోతారు. "ఒకటి, రెండు" అని లెక్కపెట్టినా, నేల మీద గీత చూపి దాటమన్నా అడుగు పడుతుంది.

రంజాన్‌లో రోజా ఉంటే మందు వేళలు తప్పుతాయి. జబ్బుపడినవారికి ఖురాన్‌లోనే సడలింపు ఉంది. ముందు డాక్టరును, తర్వాత ఇమాం సాహెబ్‌ను అడిగి నిర్ణయించుకోవాలి. నమాజును కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు.

వైద్యానికి తిరుపతివాళ్లకు స్విమ్స్ ఉంది. చిత్తూరువాళ్లకు వేలూరు సి.ఎం.సి. దగ్గర. రెండు చోట్లా నరాల జబ్బుల విభాగాలున్నాయి.

తోడుగా ఉన్న మనిషి

బాక్సింగ్ వీరుడు ముహమ్మద్ అలీకి 1984లో, 42 ఏళ్ల వయసులో ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ జ్యోతిని వణికే చేతులతోనే వెలిగించారు. ఆ దృశ్యం లోకమంతా చూసింది. జబ్బు సంగతి తెలిసే 1986లో ఆయన్ను పెళ్లాడిన లోనీ 2016లో ఆయన కన్నుమూసే దాకా వెంట ఉన్నారు. సుమారు ముప్పై ఏళ్లు.

అలీకి డబ్బుంది, పనివాళ్లున్నారు. మన ఇళ్లలో భార్య ఒక్కతే లేపాలి, స్నానం చేయించాలి, రాత్రి నాలుగుసార్లు పక్క మీద తిప్పాలి. ఆమెకు నిద్ర ఉండదు, నడుము పోతుంది. కుట్టుపనో, కూలో మానుకుంటుంది. పెళ్లికీ చావుకీ పోలేదు. భర్త చూసుకునే ఇళ్లలో వంటా పనీ తెలియక ఆయన సతమతమవుతాడు. ఆ ఒక్కరూ పడిపోతే ఇద్దరూ పడిపోయినట్టే.

మీరు చేయగలిగింది

ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వడం కన్నా, ఒక ఇంటి మందుల ఖర్చు ఏడాది పొడవునా నెలనెలా భరించడం మేలు. ఈ జబ్బులో మందు ఆగకూడదు.

వాకరు, కమోడ్ కుర్చీ, బాత్‌రూం గోడకు పట్టుకునే కడ్డీ కొనిస్తే, పడి తుంటి ఎముక విరగకుండా కాపాడినవారవుతారు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ కూడా ఉంది. సదరం శిబిరంలో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం వస్తే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 నుంచి నెలకు 6,000 రూపాయలు. సచివాలయం చుట్టూ తిరగడానికి ఆ ఇల్లాలికి తీరిక ఉండదు. చదువుకున్న మీ పిల్లల్లో ఒకరు వెంట వెళ్తే పని అవుతుంది.

డబ్బు ఇవ్వలేనివారు వారానికి ఒక పూట ఇవ్వండి. మీరు రోగి దగ్గర రెండు గంటలు కూర్చుంటే ఆమె కంటినిండా నిద్రపోతుంది, లేదా తన బీపీ చూపించుకుని వస్తుంది. రోగిని పలకరించి వచ్చేటప్పుడు "నువ్వెలా ఉన్నావమ్మా?" అని ఆమెనూ అడగండి. చాలా ఇళ్లలో ఆ మాట అడిగేవాళ్లే లేరు.

ఇకమీదట మన సహాయ దరఖాస్తులో రోగి పేరు కింద, చూసుకునేవారి పేరుకు కూడా ఒక గడి పెట్టాలని మా కోరిక. మీ సహకారం ఉంటే అది నెరవేరుతుంది, ఇన్‌షా అల్లాహ్.