శయనాసనాల పంపకం, సహచరుల అసూయ

నాగార్జునకొండ తవ్వకాలలో బయల్పడిన విహారాల పునాదులను పరిశీలిస్తే నడుమ మండపం, దాని చుట్టూ వరుసగా భిక్షువుల గదులు కనిపిస్తాయి. ఏ గదిలో ఎవరు నివసించారో ఆ పునాదులు చెప్పవు. అయితే కలిసి జీవిస్తూ కలిసి పనిచేసేవారి మధ్య గది, భోజనం, గౌరవం అనే మూడింటి పంపకం ఎంతటి కలహానికి దారితీయగలదో పాళీ వినయపిటకం వివరంగా తెలుపుతుంది. రాజగృహంలోని వేణువనంలో జరిగినట్లు చెప్పే దబ్బ మల్లపుత్తుని వృత్తాంతం అందుకు చక్కని ఉదాహరణ. సహోద్యోగుల మధ్య అసూయ ఎలా పుట్టి, ఎలా పనిచేస్తుందో గ్రహించడానికి అది నేటికీ ఉపకరిస్తుంది.

దబ్బుడు పిన్న వయసులోనే అర్హత్త్వం పొందిన భిక్షువు. సంఘానికి ఏదైనా సేవ చేయాలని తలచి, వసతుల కేటాయింపును, భోజన నిమంత్రణల పంపకాన్ని తానే చేపట్టాలని కోరుకున్నాడు. సంఘం ఆయనను విధిపూర్వకంగా ఆ పనికి నియమించింది. ఆయన భిక్షువుల అభిరుచిని గమనించి వసతులు ఇచ్చాడు. సూత్రాలు వల్లించేవారిని ఒకచోట, వినయధరులను ఒకచోట, ధర్మకథికులను మరొకచోట ఉంచాడు. ధ్యానం చేసేవారికి ఒకరివల్ల మరొకరికి భంగం కలగని విధంగా ఏర్పాటు చేశాడు. లోకాభిరామాయణంలో కాలం గడిపేవారిని సైతం ఒకచోటనే ఉంచాడు.

స్వభావానికీ పనికీ ఉన్న ఈ సంబంధాన్ని క్రీ.శ. 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గంలో విస్తరించి చెప్పాడు. రాగం, ద్వేషం, మోహం, శ్రద్ధ, బుద్ధి, వితర్కం అనే వాటిని బట్టి ఆయన మనుషులను ఆరు చరితలుగా విభజించాడు. వాకిలి ఊడ్చే తీరులో కూడా ఈ భేదం తెలుస్తుందంటాడు. రాగచరితుడు చీపురును చక్కగా పట్టి, తొందరపడకుండా, శుభ్రంగా, సమంగా ఊడుస్తాడు. ద్వేషచరితుడు దానిని బిగించి పట్టి, ఇరుపక్కలా ఇసుక లేపుతూ, కరకు చప్పుడుతో, ఎగుడుదిగుడుగా ఊడుస్తాడు. మోహచరితుని పట్టు వదులు. అతని పని శుభ్రంగానూ ఉండదు, సమంగానూ ఉండదు. ఈర్ష్యా మాత్సర్యాలను బుద్ధఘోషుడు ద్వేషచరితుని లక్షణాలలో చేర్చాడు. అయితే ఈ గుర్తులు ఆచార్యుల అభిప్రాయాలే తప్ప పాళీలో గాని, అట్ఠకథలలో గాని పూర్తిగా వచ్చినవి కావని, వాటినే ప్రమాణంగా నమ్మరాదని కూడా హెచ్చరించాడు. పని తీరును చూసి మనిషిపై ముద్ర వేయడానికి తొందరపడేవారు ఈ హెచ్చరికను మరువరాదు.

ఇక కలహం సంగతి. మెత్తియ, భుమ్మజక భిక్షువులు సంఘంలో కొత్తవారు. వారికి లభించే వసతి, భోజనం నాసిరకంగా ఉండేవి. పెద్దలకు నేయి, నూనె, వ్యంజనాలు దొరికేవి. వీరికి నూకలన్నం, పుల్లగంజి. భోజనానంతరం వీరు పెద్దల వద్దకు వెళ్లి, వారికేమి వడ్డించారని అడిగేవారు. ఒకనాడు శ్రేష్ఠమైన భోజనం పెట్టే గృహపతి ఇంటికి మరునాడు వెళ్లే అవకాశం వీరికి వచ్చింది. ఆ సంతోషంలో ఆ రాత్రి వారికి సరిగా నిద్రపట్టలేదు. అయితే వచ్చేది వీరేనని దబ్బుని ద్వారా తెలుసుకున్న గృహపతి అసంతృప్తి చెంది, వీరికి ద్వారం దగ్గరే నూకలన్నం, పుల్లగంజి పెట్టమని దాసికి చెప్పాడు. నిర్ణయం గృహపతిది. వీరు మాత్రం దబ్బుడే ఆయన మనసు విరిచాడని నిశ్చయించుకున్నారు. ఒక భిక్షుణిని ప్రేరేపించి, దబ్బుడు తనను చెరిచాడని ఆమెతో బుద్ధుని ఎదుట చెప్పించారు.

ఈ కథలో అసూయ నడిచిన దారి స్పష్టం. మొదట పోలిక, తరువాత పెరిగిన ఆశ, ఆపై ఆశాభంగం. చివరకు ఆ ఆశాభంగానికి కారకునిగా కంటికి ఎదురుగా ఉన్న ఒక వ్యక్తి. అభిధర్మం ఈర్ష్యను, మాత్సర్యాన్ని వేరు చేస్తుంది. పరుల సంపదను ఓర్వలేకపోవడం ఈర్ష్య. తన సంపద పరులకు చెందకూడదనుకోవడం మాత్సర్యం. రెండూ ద్వేషమూల చిత్తంతోనే పుడతాయి. అందుకే అసూయాపరునికి తన లాభంకన్నా ఎదుటివాని పతనమే ముఖ్యమవుతుంది. దబ్బుడు వెళ్లిపోయినంత మాత్రాన ఆ భిక్షువులకు మంచి భోజనం రాదు. అయినా వారు కోరినది ఆయన బహిష్కారమే.

సంఘం దీనిని కేవలం మనోదోషంగా వదిలివేయలేదు. బుద్ధుడు నిందితుని అందరి ఎదుట మూడు మార్లు ప్రశ్నించాడు. కలలో కూడా అటువంటి పని ఎరుగనని దబ్బుడు బదులిచ్చాడు. భిక్షుణిని సంఘం నుండి తొలగించి, ఆ భిక్షువులను విచారించమని బుద్ధుడు ఆదేశించాడు. అప్పుడు వారు కోపంతో తామే ఆమెను పురికొల్పామని ఒప్పుకున్నారు. ఇతరుల అసూయకు ఆమె ముందుగా మూల్యం చెల్లించిన సంగతిని పాఠకులు గమనించాలి. నిరాధారంగా పారాజిక దోషం మోపడం సంఘాదిశేష అపరాధమన్న నియమం ఈ సందర్భంలోనే ఏర్పడింది. దబ్బుని నిర్దోషిత్వాన్ని ధృవీకరిస్తూ సంఘం ఆయనకు స్మృతివినయం ఇచ్చింది. ఆయన పక్షపాతంతో పంచుతున్నాడని గొణిగిన సందర్భంలో, సంఘం నియమించిన అధికారిని అకారణంగా నిందించడం పాచిత్తియ దోషమని మరో నియమం వచ్చింది.

నియమాలు ఒకవైపే లేవు. వసతులు పంచే అధికారి ఇష్టం, ద్వేషం, మోహం, భయం అనే నాలుగింటికి లోబడనివాడై ఉండాలి; ఏది ఎవరికి ఇచ్చినదీ, ఏది ఇవ్వనిదీ ఎరిగి ఉండాలి. భోజనాలను పుల్లలకు గాని, పట్టీలకు గాని గుర్తులు కట్టి, కలిపి, వాటి ప్రకారం కేటాయించాలని కూడా చుల్లవగ్గం చెబుతుంది. చీటీ ప్రకారం వచ్చిన భోజనానికి పంచినవానిపై అనుమానపడే అవకాశం తక్కువ.

అయినా ఏ ఏర్పాటూ అసూయను సమూలంగా తొలగించదు. పరుల మేలు చూసి సంతోషించే ముదితను ఎవరికి వారే అభ్యసించాలి. కానీ తోటివారందరికీ ముదిత అలవడేవరకు పనిచేసేవానికి రక్షణ ఉండాలి కదా. దబ్బుని సచ్ఛీలం అతనిపై నింద రాకుండా ఆపలేకపోయింది. వచ్చిన నింద నిలవకుండా చేసినవి విధిపూర్వకమైన నియామకం, బహిరంగ విచారణ. సహోద్యోగుల నడుమ పదవులు, గదులు, గౌరవాలు పంచే ప్రతి సంస్థా ఈ రెండింటినీ సిద్ధంగా ఉంచుకోవలసి ఉంటుంది.